ఆరుగురి ఆట

కొన్ని క్రీడలలో బంతి చేతికి చిక్కినవారిదే రాజ్యము. వారు దానిని పట్టుకొని పరుగెత్తవచ్చును. కొంతసేపు తమయొద్దనే నిలుపుకొనవచ్చును. వాలీబాలు ఆటలో ఆ వీలు లేదు. బంతిని పట్టుకొనరాదు, నిలుపరాదు. ఒకరు తాకిన పిమ్మట వెంటనే మరల వారే తాకరాదు. మూడు స్పర్శలలోపల బంతి నెట్టు దాటి ఎదుటి పక్షమునకు పోవలెను. కనుక ఎంతటి నేర్పరికైనను తోడివారి చేతి సాయము లేనిదే ఈ ఆటలో బంతి దక్కదు. జట్టును కూర్చుటలోని చిక్కులన్నియు ఈ ఒక్క నియమమునుండియే పుట్టినవి.

ఈ క్రీడ 1895వ సంవత్సరమున అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమునందు హోల్యోక్ పట్టణములో జన్మించెను. విలియం మోర్గన్ అను వ్యాయామ శిక్షకుడు దీనిని కల్పించెను. పగలెల్ల పనిచేసి అలసివచ్చు నడివయస్సువారికి బాస్కెట్‌బాలు మిక్కిలి శ్రమగా తోచుచుండెను. ఒకరినొకరు త్రోసికొనకుండ నెమ్మదిగా ఆడదగిన క్రీడ యొకటి కావలెనని ఆతడు తలంచెను. నెమ్మదికై పుట్టిన ఆ ఆట నేడు మిక్కిలి వేగముగల క్రీడలలో ఒకటి యైనది. 1964లో అది టోక్యో ఒలింపిక్ క్రీడలలో చేరెను. అందు స్త్రీల స్వర్ణపతకమును జపాను గెలుచుకొనెను. అమెరికా కళాశాలలలో స్త్రీల వాలీబాలునకు ఇప్పుడు గొప్ప ఆదరము కలదు. 2023 ఆగస్టు 30వ తేదీన నెబ్రాస్కా విశ్వవిద్యాలయపు ఫుట్‌బాలు మైదానములో నెట్టు కట్టి ఆడగా, ఆ ఆటను చూచుటకు 92,003 మంది వచ్చిరి.

కళాశాల జట్టు ఏటినీటి వంటిది. ఏరు ఎప్పుడును అదియే. నీరు మాత్రము ఎప్పటికప్పుడు క్రొత్తది. నాలుగేండ్ల చదువు ముగిసినవారు వెడలిపోవుదురు. పాఠశాల విడిచి వచ్చిన బాలికలు వారి స్థానమున నిలుతురు. నిరుడు కుదిరిన పొందిక ఈ యేడు ఉండదు. కనుక కళాశాల జట్టు శిక్షకుడు ప్రతి సంవత్సరమును రెండు ప్రశ్నలకు క్రొత్తగా సమాధానము వెదకుకొనవలెను. ఆరుగురు ఎవరు? వారు ఏ వేగముతో ఆడవలెను? చూచుటకు ఇవి రెండు ప్రశ్నలు. విచారించినచో రెండును ఒక్కటియే.

ఆటస్థలము పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. నడుమ నెట్టు కట్టబడియుండును. స్త్రీల ఆటలో నెట్టు ఎత్తు 2.24 మీటర్లు. ఒక్కొక్క పక్షమున ముందు వరుసలో ముగ్గురు, వెనుక వరుసలో ముగ్గురు నిలుతురు. ఎదుటివారి సర్వీసు పోయి తమకు వచ్చినప్పుడెల్ల ఆరుగురును గడియారపు ముల్లు తిరుగు దిశలో ఒక్కొక్క స్థానము జరుగవలెను. ఇందువలన ముందు వరుసలో నున్నవారు కొంతసేపటికి వెనుకకును, వెనుకనున్నవారు ముందునకును వత్తురు. వెనుక వరుసవారు నెట్టుకడ బ్లాకునకు ఎగురరాదు. నెట్టునకు మూడు మీటర్ల దూరమున గీచిన గీత వెనుకనుండి ఎగిరియే గాని, నెట్టు పైయెత్తున నున్న బంతిని ఎదుటివారి వైపు కొట్టరాదు.

ఈ నియమములోని న్యాయము గమనింపదగినది. పొడగరియైన స్పైకరు ఎల్లకాలము నెట్టుకడనే నిలిచి కీర్తి సంపాదించుటకు వీలులేదు. ఆమెయును వెనుకకు పోయి, నేలవాలి బంతిని ఎత్తవలసినదే. అందుచే మేటివారగు ఆరుగురిని ఏరి నిలిపినంతమాత్రమున జట్టు కాజాలదు. చక్రము తిరుగుచున్నప్పుడు ప్రతి మలుపునందును ముందు వరుసకు బలము, వెనుక వరుసకు నిలుకడ మిగులునట్లు కూర్పవలెను.

దీనికై శిక్షకులు ఒక ఉపాయమును కనుగొనిరి. ఒకే పనిచేయు ఇద్దరిని చక్రములో ఎదురెదురుగా నిలుపుదురు. నడిమి స్పైకర్లు ఇద్దరును ఒకరికొకరు ఎదురు; ఎడమవైపు స్పైకర్లు ఇద్దరును అట్లే. సెట్టరునకు ఎదురుగా కుడివైపు స్పైకరు నిలుచును. ఇట్లు చేసినచో ఒకరు వెనుకకు పోయినప్పుడు ఆ పని చేయు రెండవవారు ముందు వరుసలో నుందురు. మన మైదానములలో లిఫ్టరని పిలుచు వ్యక్తియే సెట్టరు. రెండవ స్పర్శ ఆమెది. స్పైకరు కొట్టుటకు అనువుగా బంతిని ఎత్తి యిచ్చుట ఆమె పని. ఏ బంతి ఎవరికి పోవలెనో నిర్ణయించునది ఆమెయే కనుక జట్టునకు ఆమె బుద్ధి వంటిది.

ఇక్కడ మొదటి చిక్కు వచ్చును. సెట్టరు ఒక్కతె చాలునా, ఇరువురు కావలెనా? సెట్టరు ఒక్కతెయే యైనచో, ఆమె ముందు వరుసలో నుండు మూడు మలుపులలో అచ్చట కొట్టువారు ఇద్దరే మిగులుదురు. ఇరువురు సెట్టర్లున్నచో, ఎప్పుడును వెనుకనున్న సెట్టరే బంతి నెత్తును. ముందు వరుసలో ముగ్గురు స్పైకర్లుందురు. ముందునకు వచ్చిన సెట్టరును తప్పించి ఆమె స్థానమున స్పైకరును దింపుదురు. ఇందులకు మార్పిడులు పెక్కు కావలెను. అంతర్జాతీయ క్రీడలో ఒక సెట్టునకు ఆరు మార్పిడులు మాత్రమే కలవు. అమెరికా కళాశాలల స్త్రీల ఆటలో పదునైదు కలవు. అందుచే ఆ కళాశాలలలో ఇరువురు సెట్టర్ల పద్ధతికి చోటు దొరకినది.

మూడు చేతులు రెండు చేతులకంటె మేలనుట నిజమే. కాని యిరువురు సెట్టర్ల చేతివాటము ఒక్కటిగా నుండదు. ఒకరి బంతి కొంచెము ఎత్తుగా వచ్చును. మరొకరిది కొంచెము ముందుగా వచ్చును. స్పైకర్లు రెండు లయలను నేర్వవలెను. ఒక్క సెట్టరే యున్నచో లయ ఒక్కటియే. రోజుల తరబడి సాధనచేయగా అది వారి కాళ్లలోనికి దిగును. కాబట్టి ఏ పద్ధతి గొప్పదని అడుగరాదు. ఈ యేటి జట్టులో ఏది యిముడునని అడుగవలెను.

రెండవ ప్రశ్న వేగము. సెట్టరు బంతిని ఎంత ఎత్తునకు లేపునో దానినిబట్టి ఆట వేగము మారును. పైకి విసరిన వస్తువు తిరిగివచ్చు కాలమును భౌతికశాస్త్రము తెలుపుచున్నది. చేతినుండి మూడు మీటర్లు పైకెగసిన బంతి మరల అదే ఎత్తునకు దిగుటకు సుమారు ఒకటిన్నర సెకను పట్టును. ఒక మీటరు మాత్రమే ఎగసినచో పట్టునది సెకనులో పదింట తొమ్మిది వంతులు. అరమీటరే యైనచో సెకనులో మూడింట రెండు వంతులు కూడ పట్టదు. ఈ స్వల్పకాలములోనే ఎదుటి పక్షపు నడిమి బ్లాకరు బంతి ఎటు పోవుచున్నదో కనిపెట్టి, సుమారు మూడు మీటర్లు ప్రక్కకు జరిగి, చేతులెత్తి ఎగురవలెను. బంతి ఎత్తుగా పోయినచో ఆమెకు వ్యవధి యుండును. స్పైకరునకు ఎదురుగా రెండు జతల చేతులు గోడవలె నిలుచును. బంతి తక్కువ ఎత్తున వడిగా పోయినచో ఆ గోడ సగమే లేచును.

మిక్కిలి వడియైన పద్ధతిలో, సెట్టరు బంతిని తాకునప్పటికే నడిమి స్పైకరు గాలిలో నుండును. బంతి వచ్చునో రాదో తెలియకుండగనే ఆమె ఎగురును. సెట్టరు ఆమె చేతికి బంతి నందించును. లేదా, ఆమెను చూచి ఎదుటి బ్లాకరు ఎగిరిన క్షణముననే బంతిని మరొక వైపునకు పంపును. అప్పుడు ఆ యెగిరిన స్పైకరునకు బంతి దక్కదు, చప్పట్లును దక్కవు. ఐనను ఆమె ఎగురుటచేతనే తోడి స్పైకరునకు దారి దొరకినది. ఇట్టి ఎగురుటలు ఒక్కొక్క ఆటలో ఎన్నియో యుండును. వానిని ఎవరును లెక్కపెట్టరు.

వేగమింత మేలు చేయునప్పుడు ప్రతి జట్టును వేగముగనే ఆడరాదా యని తోచవచ్చును. వేగమునకు మూలము సెట్టరు చేతిలో లేదు. ఆమెకు ముందటి స్పర్శలో నున్నది. ఎదుటివారి సర్వీసును అందుకొను క్రీడాకారిణి బంతిని మెత్తగా, సరిగా నెట్టు చేరువకు పంపినప్పుడే సెట్టరునకు ముగ్గురు స్పైకర్లును అందుబాటులో నుందురు. ఆ బంతి నెట్టునకు మూడు నాలుగు మీటర్లు ఎడముగా పడినచో నడిమి వేగపు దెబ్బ సాగుట కష్టము. అప్పుడు బంతిని ఎత్తుగా లేపి, ప్రక్కనున్న స్పైకరునకు వ్యవధి యిచ్చుటయే వివేకము. నిదానమే ప్రధానమని ఒక సామెత. ఆలస్యమైనచో అమృతము విషమగునని మరొక సామెత. ఏది ఎప్పుడు వర్తించునో క్షణములో తెలిసికొనుటయే సెట్టరు విద్య.

ఈ కారణముచేతనే సర్వీసును అందుకొనువారికి జట్టులో గొప్ప స్థానము వచ్చినది. లిబెరో అను ప్రత్యేక స్థానమును అంతర్జాతీయ క్రీడలో 1998లో ప్రవేశపెట్టిరి. లిబెరో వేరు రంగు చొక్కా ధరించును. ఆమె వెనుక వరుసలోనే ఆడును, బ్లాకునకు పోదు. తరచుగా జట్టులోనెల్ల పొట్టిది ఆమెయే. కాని ఆమె చేతులు నిలుకడ తప్పినచో పొడగరులైన స్పైకర్ల ఎత్తు వ్యర్థమగును. జట్టు వేగము దాని మేటి స్పైకరు బలమును బట్టి కాక, దాని తొలిస్పర్శ నిలుకడను బట్టి యుండవలెను.

పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి పెన్ స్టేట్ విశ్వవిద్యాలయపు జట్టు చరిత్ర దీనికి మంచి నిదర్శనము. రస్ రోజ్ అను శిక్షకుడు 1979 నుండి 2021 వరకు ఆ జట్టును నడపెను. 2007లో మొదలైన ఆ జట్టు విజయపరంపర మూడేండ్లు తెగలేదు. సెట్టరు అలీషా గ్లాస్. ఆమె పొడగరి, ముందు వరుసకు వచ్చినప్పుడు బ్లాకునకును అక్కరకు వచ్చెను. ఒక్క సెట్టరుతో ఆడుటలోని లోటు ఆమెవలన కొంత తీరెను. మేగన్ హాడ్జ్, నికోల్ ఫాసెట్, క్రిస్టా హర్మాటో మొదలగు స్పైకర్లు ఆమె లయకు అలవాటుపడిరి. 2008లో ఆ జట్టు 38 ఆటలు ఆడి ముప్పదియెనిమిదియు గెలిచెను. గెలిచిన సెట్లు 114; ఓడినవి రెండే.

ఆ రెండును ఒక్కనాడే ఓడినవి. జాతీయ పోటీల ఉపాంత్య క్రీడ ఒమాహా నగరమున జరిగెను. ఒమాహా నెబ్రాస్కా రాష్ట్రములోనిది. ప్రత్యర్థి నెబ్రాస్కా విశ్వవిద్యాలయమే. పదునేడు వేలకు పైబడిన ప్రేక్షకులలో అధికులు తమ రాష్ట్రపు జట్టునకై కేకలు వేయుచుండిరి. పెన్ స్టేట్ మొదటి రెండు సెట్లు గెలిచెను. తరువాతి రెండును నెబ్రాస్కా గెలిచెను. ఆ యేడు ఒక్క సెట్టైనను ఓడి యెరుగని క్రీడాకారిణులు మొదటిసారిగా ఐదవ సెట్టు ఆడవలసివచ్చెను. ఐదవ సెట్టు పదునైదు పాయింట్లకే ముగియును; చక్రము ఎక్కువసార్లు తిరుగదు. కనుక ఎవరు ముందు వరుసలో మొదలుపెట్టుదురను విషయము మిగిలిన సెట్లలోకంటె ఇందు ముఖ్యము. పొరపాటును దిద్దుకొనుటకు వ్యవధి యుండదు. పెన్ స్టేట్ ఆ సెట్టును 15–11తో గెలిచి, తుదియాటలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమును ఓడించెను.

మరుసటి యేడు తుదియాట టాంపా నగరమున టెక్సాస్ విశ్వవిద్యాలయముతో జరిగెను. అప్పటికి ఫాసెట్, హర్మాటో చదువు ముగించి వెడలిపోయిరి. టెక్సాస్ జట్టులో డెస్టినీ హూకర్ అను స్పైకరు ఆనాడు అద్భుతముగా ఆడి ముప్పదినాలుగు దెబ్బలను పాయింట్లుగా మార్చెను. టెక్సాస్ మొదటి రెండు సెట్లు గెలిచెను. పెన్ స్టేట్ తొందరపడలేదు. తరువాతి రెండు సెట్లు గెలిచి, ఐదవ సెట్టును 15–13తో దక్కించుకొనెను. అంతటి స్పైకరు ఎదురుగా నున్నను ఆట ఆరుగురిదే యయ్యెను.

2010లో గ్లాస్, హాడ్జ్ కూడ వెడలిపోయిరి. క్రిస్టిన్ కార్పెంటర్ సెట్టరయ్యెను. ఆ సెప్టెంబరు మాసమున స్టాన్‌ఫర్డ్ చేతిలో పెన్ స్టేట్ మూడు సెట్లును వరుసగా ఓడెను. 109 విజయముల పరంపర తెగిపోయెను. ఆ యేడు మొత్తము ఐదు ఓటములు కలిగెను. సెట్టరు మారినప్పుడు జట్టునకు లయ మారును; క్రొత్త లయ కాళ్లలోనికి దిగుటకు నెలలు పట్టును. ఆ జట్టు ఓటములకు వెరవక సాధన సాగించెను. డిసెంబరునకు పొందిక కుదిరెను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమును మూడు సెట్లలో ఓడించి పెన్ స్టేట్ వరుసగా నాలుగవ యేడును జాతీయ విజేత యయ్యెను. ఆ తుది పోటీలలో ఉత్తమ క్రీడాకారిణిగా ఎన్నికైనది డేజా మెక్లెండన్. ఆమె మొదటి సంవత్సరపు విద్యార్థిని. ఓటమి యెరుగని సంవత్సరముల విజయముకంటె ఐదు ఓటముల సంవత్సరపు విజయమునందే నేర్చుకొనదగినది ఎక్కువ కలదు.

పదునాలుగేండ్ల పిమ్మట, 2024 డిసెంబరులో, పెన్ స్టేట్, నెబ్రాస్కా జట్లు మరల ఉపాంత్య క్రీడలో ఎదురుపడెను. పెన్ స్టేట్ సెట్టరు ఇజీ స్టార్క్ అప్పుడు మొదటి సంవత్సరపు విద్యార్థిని. శిక్షకురాలు కేటీ షూమాకర్ కాలీ. 1999లో పెన్ స్టేట్ మొదటి జాతీయ విజయము సాధించినప్పుడు ఆ జట్టులో ఆమె క్రీడాకారిణి. ఆ యేడు ఆమె క్యాన్సరు వ్యాధికి చికిత్స పొందుచునే జట్టును నడపుచుండెను. నెబ్రాస్కా మొదటి రెండు సెట్లు గెలిచి, నాలుగవ సెట్టులో 22–16 ఆధిక్యముతో నుండెను. మరి మూడు పాయింట్లు వచ్చినచో ఆట ముగియును. పెన్ స్టేట్ ఒక్కొక్క బంతినే చూచుకొనుచు ఆ సెట్టును 28–26తో గెలిచెను. పిదప ఐదవ సెట్టును గెలిచెను. తుదియాటలో లూయివిల్ జట్టును ఓడించెను. ఆ పోటీలలో జాతీయ విజయము సాధించిన మొదటి మహిళా ప్రధాన శిక్షకురాలు ఆమెయే.

విజయము పొందిన ఆరుగురిని లోకము గుర్తుంచుకొనును. వారి వెనుక మరి కొందరు కలరు. ప్రతి కళాశాల జట్టులోను పది పదునైదుగురు సాధన చేయుదురు. ఆటలో మొదట దిగువారు ఆరుగురు, వారితోపాటు లిబెరో. తక్కినవారు బల్లమీద కూర్చుండవలెను. సాధనవేళ వారే ఎదుటి పక్షమున నిలిచి, ప్రత్యర్థి జట్టు ఆడు తీరును అనుకరించి, తమ తోడివారికి పరీక్ష పెట్టుదురు. ఆ సాధనలో వారు అలసత్వము చూపినచో ఆరుగురి వేగము పదునెక్కదు. జాబితాలో తన పేరు లేదని తెలిసిన దినమున కూడ మనసు పెట్టి బంతి నెత్తు బాలిక చేయు సేవ చిన్నది కాదు. శిక్షకుడును ఆమెకు కారణము స్పష్టముగా చెప్పవలెను. పొడవు చాలదనియో, తొలిస్పర్శ నిలుకడ పొందలేదనియో నిజము చెప్పినచో ఆమె దిద్దుకొనును, దాచినచో కుములును. కుములు మనస్సున్న జట్టులో ఏ కూర్పును నిలువదు.

ఒమాహాలో నెబ్రాస్కా పక్షమున ఆడిన జోర్డాన్ లార్సన్, ఆమెకు ఎదురాడిన హాడ్జ్, హర్మాటో, టాంపాలో పెన్ స్టేట్‌ను వణికించిన హూకర్ — ఈ నలుగురును 2012 లండన్ ఒలింపిక్ క్రీడలలో ఒకే జట్టుగా నిలిచి అమెరికాకు రజతపతకము తెచ్చిరి. నిన్న నెట్టునకు అవతల నున్నవారే నేడు ప్రక్కన నిలిచిరి. బంతిని ఎవరును పట్టుకొనరాదను నియమము పాటించి పెరిగినవారికి, దానిని మరొకరి చేతికి అందించుట క్రొత్త కాదు.

ప్రశ్నలు

1. మేటివారగు ఆరుగురిని ఏరినంతమాత్రమున జట్టు కాజాలదనుటకు కారణమేమి?
2. ఒక్క సెట్టరు పద్ధతిలోని మేలును, లోటును వివరింపుము.
3. ఆట వేగమునకు తొలిస్పర్శతో గల సంబంధమెట్టిది?
4. 2010లో పెన్ స్టేట్ జట్టు పొందిన విజయమునుండి ఏమి గ్రహింపవచ్చును?